బంగాళాఖాతమున భూమి కంపించినపుడు

2014 మే 21వ తేదీ రాత్రి 9 గంటల 52 నిమిషములకు బంగాళాఖాతమున భూకంపము సంభవించినది. దాని ప్రమాణము 6. ఒడిశాలోని పారదీప్ రేవునకు సుమారు 275 కిలోమీటర్ల దూరమున, దాదాపు 50 కిలోమీటర్ల లోతున అది పుట్టినది. చెన్నై మొదలు కోల్‌కతా వరకు పలుచోట్ల ఆ కదలిక తెలిసినది. విశాఖపట్నమున మేడలపై నివసించువారు వీథులలోనికి వచ్చిరి. ఐనను సముద్రము పొంగలేదు.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపము ప్రమాణము 6.2 మాత్రమే. అందు ఇంచుమించు పదివేలమంది మరణించిరి. అది పది కిలోమీటర్ల లోతుననే, నిద్రించుచున్న గ్రామముల క్రిందనే పుట్టినది. మట్టితో పేర్చిన రాతిగోడలు జనులపై కూలినవి. కావున పత్రికలో ప్రమాణపు అంకెను మాత్రము చూచి భయపడరాదు. ఎంత లోతున, ఎంత దూరమున అని కూడ విచారింపవలెను. రైసు మిల్లులో యంత్రము ప్రక్కన నిలిచినవానికి తెలియు అదురు వీథి చివర నున్నవానికి తెలియదు గదా!

తణుకు పరిసరములందు ఒక విశేషము కలదు. మన నేల గోదావరి తెచ్చిన ఒండ్రు. మెత్తని ఒండ్రునేల రాతినేలకంటె కదలికను హెచ్చుగా చూపును. అందుచే దూరపు భూకంపమునకు కూడ మేడపై పంకా ఊగవచ్చును. అంతమాత్రమున ఇల్లు కూలునని కాదు.

సునామీ మాట వేరు. మనవారు ఉప్పెన యనునది తుపాను తెచ్చు కెరటము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అదియే. సముద్రపు అడుగు విస్తారముగ పైకి లేచినను, క్రుంగినను సునామీ పుట్టును. 2014లో అడుగున పొరలు ప్రక్కకు జరిగినవేకాని నీటిని ఎత్తలేదు. 2004 డిసెంబరు 26నాటి సుమత్రా భూకంపము ప్రమాణము 9.1. ప్రమాణము ఒకటి పెరిగిన, వెలువడు శక్తి సుమారు 32 రెట్లగును. 2007 నుండి హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రము ఇట్టివానిని కనిపెట్టి నిమిషములలో హెచ్చరిక పంపుచున్నది. ఆ ప్రకటన లేనిదే సునామీ వచ్చుచున్నదని చాటింపు వేయించరాదు. అయితే నరసాపురము, మొగల్తూరు వైపు తీరగ్రామములవారు భూమి గట్టిగా, చాలసేపు కంపించినను, సముద్రము వెనుకకు పోయినను, ప్రకటనకై వేచియుండక ఎత్తైన చోటికి పోవలెను.

వాస్తవమునకు మనము ఎక్కువగా గమనింపవలసినది భూమిపై పుట్టు భూకంపములను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద ప్రమాణము 5.7 గల భూకంపము, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 గలది సంభవించినవి. రెండును గోదావరి లోయలోనివే. కదలిక నిలిచిన పిదప సభ్యులు పాఠశాల, అంగన్‌వాడీ, మంచినీటి ట్యాంకు స్తంభములు చూడవలెను. క్రొత్త బీట కనిపించినచో పిల్లలను లోనికి పంపక ఇంజనీరుకు తెలుపవలెను. పాఠశాలకు క్రొత్త గదుల అంచనా వచ్చినపుడే లింటెలు బీము అన్ని గోడలపై ఒకటిగా సాగునట్లు కోరవలెను; గోడలు లేచిన తరువాత దానిని చేర్చుట మిక్కిలి కష్టము.