నడిసంద్రంలోనూ చట్టముంది

పొట్ట చేతపట్టుకుని శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ రేవులకు వలసపోయే మత్స్యకారులకు నడిసంద్రంలో సరిహద్దు గీత కనిపించదు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ గస్తీ దళానికి చిక్కారు. నెలల తరబడి కరాచీ జైలులో మగ్గారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు.

ఇలాంటివారి గోడు వినే చట్టం లేదా? ఉంది. 1982లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యాన సముద్ర చట్ట ఒడంబడిక కుదిరింది. దాన్ని భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో ఆమోదించాయి. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశపు సొంత జలాలు. ఆ పైన 200 మైళ్ల వరకు చేపల మీద హక్కు మాత్రం ఆ దేశానిదే. ఈ రెండో భాగంలో వేట నిబంధనలు మీరిందని పరాయి పడవను పట్టుకుంటే, తగిన జామీను తీసుకుని పడవను, మనుషులను త్వరగా విడిచిపెట్టాలి. దేశాల మధ్య ఒప్పందం లేనిదే జైలు శిక్ష వేయరాదు. 73వ అధికరణ చెప్పేది ఇదే.

విడవకపోతే జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు. అయితే మత్స్యకారుడు నేరుగా వెళ్లడానికి వీల్లేదు. పడవ ఏ దేశానిదో ఆ దేశం తరఫునే దరఖాస్తు పడాలి. పడవ చిక్కింది ఏ జలాల్లో అన్నదే అసలు పేచీ. గుజరాత్ కొసన సర్ క్రీక్ వద్ద రెండు దేశాల సముద్ర సరిహద్దు నేటికీ తేలలేదు. అందుకే ఈ చట్టంలో ఆరితేరిన వకీళ్లు కావాలి.

ఆ ట్రిబ్యునల్‌లో తెలుగువారు కూర్చున్నారు. ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన శ్రీ పాటిబండ్ల చంద్రశేఖరరావు 1996 నుంచి 2017 వరకు న్యాయమూర్తిగా ఉన్నారు. 1999 నుంచి 2002 వరకు అధ్యక్షులు కూడా ఆయనే.

ఈ చదువు మనవారికి అందనిదేమీ కాదు. లా డిగ్రీలో అంతర్జాతీయ చట్టం తప్పనిసరి పాఠ్యాంశం. పాసైతే చాలని దాన్ని వదిలేయకుండా పట్టు సాధించేవారికి దారులున్నాయి. ఢిల్లీలో 1959లో ఏర్పడిన భారత అంతర్జాతీయ న్యాయ సంఘం డిప్లొమా తరగతులు నడుపుతోంది. నెదర్లాండ్స్‌లోని హేగ్ అకాడమీ 1923 నుంచి వేసవి పాఠాలు చెబుతోంది. వర్ధమాన దేశాల విద్యార్థులకు అక్కడ ఉపకార వేతనాలూ ఉన్నాయి. హాంబర్గ్ ట్రిబ్యునల్ భవనంలోనే 2007 నుంచి సముద్ర చట్టంపై వేసవి శిక్షణ జరుగుతోంది. విద్యార్థులతోపాటు ప్రాక్టీసులో ఉన్న న్యాయవాదులూ చేరవచ్చు.

తీర గ్రామాల నుంచి లా కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లలు ఈ దారి పడితే, రేపు మరో పడవ చిక్కినప్పుడు కలెక్టరాఫీసుకు పెట్టే అర్జీలో ఏ అధికరణ రాయాలో చెప్పే మనిషి ఊళ్లోనే ఉంటాడు.