కోరిప్పో

కోరిప్పో స్విట్జర్లాండు దేశపు దక్షిణ భాగములో, తిచీనో కాంటను (రాష్ట్రము) నందలి లొకార్నో జిల్లాకు చెందిన చిన్న పర్వత గ్రామము. ఇక్కడి భాష ఇటాలియను. 2020 అక్టోబరు 18న విలీనమయ్యే వరకు ఇది ప్రత్యేక కమ్యూనుగా ఉండేది. దేశములోని కమ్యూనులలో అతి తక్కువ జనాభా గలదిగా ఇది ప్రసిద్ధి చెందినది.

ఉనికి

ఈ గ్రామము వెర్జాస్కా నది లోయలో, సముద్ర మట్టమునకు సుమారు 560 మీటర్ల ఎత్తున, నిటారైన కొండవాలుపై ఉన్నది. ఇండ్ల గోడలు, పైకప్పులు కూడ రాతితో కట్టినవే. గ్రామమునకు దిగువన వొగోర్నో జలాశయము కలదు. 1965లో పూర్తియైన 220 మీటర్ల ఎత్తు గల ఆనకట్ట వలన ఇది ఏర్పడినది.

చరిత్ర

కోరిప్పో పేరు మొదటిసారిగా 13వ శతాబ్దపు పత్రములలో కనిపించుచున్నది. 16వ శతాబ్దపు ఆరంభము నుండి 1798 వరకు లొకార్నో ప్రాంతము స్విస్ సమాఖ్య రాష్ట్రముల పాలనలో ఉండినది. 1803లో తిచీనో ప్రత్యేక కాంటనుగా ఏర్పడినది.

లోయలో సాగునకు తగిన సమతల భూమి మిక్కిలి తక్కువ. అందుచేత లోయవాసులు పశువులతో వేసవిలో ఎత్తైన పచ్చిక బయళ్ళకు పోయి, చలికాలములో మగదీనో మైదానమునకు దిగి వచ్చేవారు. 19వ శతాబ్దపు మధ్యకాలమున బంగారు గనుల వార్తలు విని, తిచీనో లోయల నుండి అనేకులు ఆస్ట్రేలియాకు, కాలిఫోర్నియాకు వలసపోయిరి. 20వ శతాబ్దములో యువకులు ఉద్యోగములకై దిగువ పట్టణములలో స్థిరపడిరి.

జనాభా

1850లో 294 మంది ఉండగా, 2000 జనాభా లెక్కలలో 22 మంది మాత్రమే మిగిలిరి. అనగా నూట యాభై సంవత్సరములలో జనాభా పదమూడవ వంతుకు తగ్గినది. విలీనమునకు ముందరి సంవత్సరములలో ఈ సంఖ్య 15 కంటె తక్కువ. వారిలోను అధికులు వృద్ధులు.

విలీనము

స్విట్జర్లాండులో కమ్యూను కేవలము ఒక ఊరు కాదు; పన్ను విధించు అధికారము గల స్థానిక ప్రభుత్వము. స్విస్ పౌరుల గుర్తింపు పత్రములలో జన్మస్థలమునకు బదులు వంశమూలమైన కమ్యూను పేరు వ్రాయబడును. తిచీనో చట్టము ప్రకారము కమ్యూను కార్యవర్గములో కనీసము ముగ్గురు సభ్యులుండవలెను. పదిహేను మందైనను లేని ఊరిలో ఈ బాధ్యతలు స్వీకరించువారు దొరకుట కష్టమైనది. 2020లో కోరిప్పో, బ్రియోనే, ఫ్రాస్కో, సొనోన్యో, వొగోర్నోలు, మరి రెండు కమ్యూనుల లోయ భాగములు కలిసి వెర్జాస్కా అను నూతన కమ్యూను అయినది. ఇట్టి విలీనముల వలన 2000లో సుమారు 2,900గా ఉన్న స్విస్ కమ్యూనుల సంఖ్య 2020 ఆరంభమునకు 2,202కు తగ్గినది.

నేటి స్థితి

జనము తరలిపోవుట వలన క్రొత్త కట్టడములు రాక, గ్రామపు పాత రూపము చెక్కుచెదరలేదు. ఐరోపా వాస్తు వారసత్వ సంవత్సరమైన 1975లో కోరిప్పో ఆదర్శ గ్రామములలో ఒకటిగా ఎంపికైనది. అదే సంవత్సరపు పేరుతో గ్రామ పరిరక్షణకు ఒక సంస్థ ఏర్పడినది. ఖాళీ ఇండ్లలో కొన్నిటిని బాగుచేసి, గదులు ఊరంతట వేర్వేరు ఇండ్లలో ఉండునట్లుగా 2022లో ఒక హోటలు ప్రారంభించిరి. కమ్యూనుగా కోరిప్పో ముగిసినది, గ్రామముగా నిలిచియున్నది.