వాది, ప్రతివాది, ముద్దాయి

న్యాయస్థానమున వ్యాజ్యము నడుపు ఉభయ పక్షములవారిని కక్షిదారులందురు. దావా వేసి న్యాయము కోరినవాడు వాది. దానికి సమాధానము చెప్పవలసినవాడు ప్రతివాది. పొలము గట్టు తగాదా యైనను, బాకీ వసూలైనను, సివిలు వ్యవహారములలో ఈ పేర్లే చెల్లును.

ప్రాచీన ధర్మశాస్త్రములు వీరినే అర్థి, ప్రత్యర్థి యని పేర్కొనినవి. అర్థి చెప్పుకొనిన సంగతిని ప్రత్యర్థి యెదుటనే వ్రాయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన పద్యములలో తెనిగించెను. నేడు ప్రత్యర్థి యను మాట న్యాయస్థానమును విడిచి ఎన్నికలకును, ఆటలకును తరలిపోయినది.

ముద్దాయి యను మాట చరిత్ర మరింత విచిత్రము. అరబ్బీ భాషలో ముద్దయీ యనగా దావా వేసినవాడు, అనగా వాది. ఎవనిపై దావా వేయబడునో అతడు ముద్దా అలైహి. ఉర్దూలో నేటికిని ముద్దయీ వాదియే. తెలుగులో మాత్రము ముద్దాయి నేరము మోపబడినవానికి పేరైనది. ఒకే మాట ఉర్దూ తెలిసినవానికి వాదిగాను, తెలుగువానికి నిందితునిగాను తోచుచున్నది.

ఈ మార్పు భాషకు సహజమే. దానివలన కీడు లేదు. కీడు వేరొకచోట నున్నది. "తప్పంతయు వానిదే, వాడే అసలు ముద్దాయి" యని లోకులు మాటలాడుచుందురు. అట్లనునపుడు ముద్దాయికిని దోషికిని గల భేదము చెరిగిపోవును. ముద్దాయి యనగా నేరము మోపబడినవాడే కాని, నేరము రుజువైనవాడు కాడు. సాధారణముగా క్రిమినలు కేసులలో రుజువు చేయవలసిన భారము ప్రాసిక్యూషనుదే. ముద్దాయి తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమీయవలెనని నిర్బంధింపరాదని 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 20(3)వ అధికరణమున శాసించినది. నేరము సందేహమునకు తావులేకుండ రుజువైన పిదపనే అతడు దోషి. రుజువు కానిచో నిర్దోషిగా ఇంటికి పోవును.

కావున ఈ పేర్లన్నియు వ్యాజ్యములో మనిషి నిలిచిన చోటును తెలుపునే కాని, అతని మంచిచెడ్డలను తెలుపవు. కింది కోర్టులో ఓడిన ప్రతివాది పైకోర్టుకు పోయినచో అతడే అప్పీలుదారగును. గెలిచిన వాది అచ్చట సమాధానము చెప్పుకొనవలసియుండును. మనిషి మారలేదు, చోటు మారినది.

తరగతిలో ఒక బాలుడు మరియొకనిపై ఫిర్యాదు చేసినపుడు, బెత్తము తీయక, రెండవవానిని ఎదుటికి పిలిచి, అతడు చెప్పునది కూడ విను ఉపాధ్యాయుడు ఆ ప్రాచీన నియమమునే పాటించుచున్నాడు.