పూవులో దాగిన పేరు

చర్మపు పైపొర నిత్యము రాలి క్రొత్తది పుట్టుచుండును. కావున పచ్చబొట్టు నిలువవలెనన్న సూది దిగువ పొరను చేరవలెను. అచ్చట నాడుల కొనలు దట్టముగ నుండుటచేత నొప్పి తప్పదు. పూర్వము పచ్చబొట్లు పొడిచెడి ఎరుకల స్త్రీలు ఆ బాధను మరపించుటకై పాట పాడెడివారు. 1891లో న్యూయార్కున సామ్యూల్ ఓరైలీ విద్యుద్యంత్రమునకు పేటెంటు పొందెను. పని వేగము పెరిగినది గాని పోటు పోలేదు.

మనసు మారి, పొడిపించుకొన్న పేరును కప్పగోరువారు నేడు పెక్కురు. అయితే క్రొత్త సిరా పాతదానిని తుడువజాలదు. రెండును ఒకే పొరలో కలసి నిలుచును. అందుచేతనే కప్పెడి చిత్రము మరింత పెద్దదిగ, ముదురు వన్నెతో నుండవలెను. అనగా పాత పేరు క్రొత్త పూవులోనే దాగియుండును. సూదిపోటు గడియసేపు, పేరెంచుకొన్న ఫలము జీవితకాలము.