రేడియేషన్ భద్రత – పరిశోధనా సంస్థల బాధ్యతలు

మేలైన వంగడాల రూపకల్పన, ఔషధ పరిశోధన, రసాయన శాస్త్ర ప్రయోగాలు మొదలైన అనేక రంగాలలో రేడియోధార్మిక పదార్థాల వినియోగం సర్వసాధారణమైంది. వీటివల్ల సమాజానికి కలిగే మేలు ఎంతటిదో, అజాగ్రత్త వహిస్తే వాటిల్లే ముప్పు కూడా అంతటిదే. ఈ ముప్పును నివారించవలసిన బాధ్యత ఎవరెవరిదో పరిశోధనా సంస్థలలో పనిచేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవడం అవసరం.

దేశంలో రేడియేషన్ భద్రతను పర్యవేక్షించేందుకు అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పాటైంది. 2004లో వెలువడిన అణుశక్తి (రేడియేషన్ రక్షణ) నిబంధనలు ఈ బాధ్యతలను స్థాయిల వారీగా నిర్దేశించాయి.

సంస్థ యాజమాన్యం : అర్హులైన సిబ్బందిని, పరికరాలను, నిధులను సమకూర్చాలి. రేడియేషన్ భద్రతాధికారిని మండలి ఆమోదంతో నియమించాలి. రేడియోధార్మిక పదార్థాల భద్రతకు అంతిమ బాధ్యత వహించాలి.

భద్రతాధికారి : రేడియేషన్ స్థాయిలను క్రమం తప్పక కొలవాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. లోపాలను యాజమాన్యం దృష్టికి తీసుకురావాలి.

సిబ్బంది : తమకు పడిన మోతాదును నమోదు చేసే టి.ఎల్.డి. బ్యాడ్జిని పనివేళల్లో తప్పక ధరించాలి. ప్రమాదం జరిగిన వెంటనే తెలియజేయాలి. సిబ్బందికి పడే మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులు మించరాదు. సాధారణ ప్రజలకు ఈ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు మాత్రమే.

పరికరం వాడకం ఆగిపోయినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. ఇందుకు 2010లో ఢిల్లీలోని మాయాపురిలో జరిగిన దుర్ఘటనే నిదర్శనం. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో 1985 నుండి వాడకంలో లేని గామా వికిరణ పరికరాన్ని ఆ ఏడాది ఫిబ్రవరిలో పాత సామానుగా వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉన్న సంగతి తెలియని పాత ఇనుము కార్మికులు దానిని విడగొట్టారు. వారిలో ఒకరు మరణించగా మరికొందరు తీవ్ర అస్వస్థతకు లోనయ్యారు.

కోబాల్ట్-60 తీవ్రత దాదాపు 5.27 ఏళ్లకు ఒకసారి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 25 ఏళ్లలో ఇరవయ్యో వంతు కంటే తక్కువే మిగిలినా, ఒక ప్రాణాన్ని బలిగొనడానికి అది చాలింది.

కావున ప్రతి సంస్థ తన వద్దనున్న రేడియోధార్మిక పదార్థాల వివరాలను రిజిస్టరులో నమోదు చేసి, బాధ్యులు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా తదుపరి వారికి లిఖితపూర్వకంగా అప్పగించాలి. పాత పరికరాల వేలం జాబితాను భద్రతాధికారి పరిశీలించిన తరువాతనే ఖరారు చేయాలి. వాడకం ముగిసిన పదార్థాలను మండలి అనుమతితో సరఫరాదారుకు లేదా అధీకృత సంస్థకు మాత్రమే అప్పగించాలి. ప్రయోగశాల గడప ఎన్నడూ తొక్కని సామాన్యుని ప్రాణం సైతం ఈ జాగ్రత్తలపైనే ఆధారపడి ఉందని సంస్థల అధిపతులు గుర్తించవలసి ఉంది.