శిక్షణలోని కుక్క ఉద్యోగం ఎందుకు మారుతుంది?

తెలంగాణ పోలీసు జాగిలాలకు శిక్షణ హైదరాబాద్ దగ్గరి మొయినాబాద్‌లో. వాసన పట్టడం, మాట వినడం వస్తే చాలా? చాలదు, ఒళ్లూ సహకరించాలి.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం తరచూ కనిపించే లోపం. తొడ ఎముక తల తుంటి గిన్నెలో బంతిలా ఇమడాలి. వదులైతే రాసుకుని అరుగుతుంది, నొప్పి మొదలవుతుంది. ఇది చాలావరకు వంశపారంపర్యం. కుక్కపిల్ల హుషారుగా గెంతుతున్నా సరే, ఎక్స్‌రే గుట్టు విప్పేస్తుంది!

ఇది పోలీసు జాగిలాల సమస్యే కాదు. చూపులేనివారిని నడిపించే కుక్క కూడా రోజూ మెట్లెక్కాలి, రోడ్లు దాటాలి. నొప్పితో ఆ పని చేయించడం అన్యాయం, ప్రమాదం కూడా. అమెరికాలో 1942లో మొదలైన 'గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్' సంస్థ ఇలాంటివాటికి వేరే దారి చూపిస్తుంది: కొన్ని ఇతర పనులకు, కొన్ని పెంపుడు ఇళ్లకు.

మీ ఇంటి కుక్కకూ ఈ లోపం ఉంటే బరువు పెరగనివ్వకండి. ఆ భారం కీలు మీదే పడుతుంది.