టీచరు ఉద్యోగంతో గల్ఫ్ చేరే కుటుంబం: అపోహలు – వాస్తవాలు

దుబాయ్‌లోనో అబుదాబిలోనో సీబీఎస్‌ఈ బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందనగానే ఇంట్లో లేచే ప్రశ్నలన్నీ మతం చుట్టూనే తిరుగుతాయి. బొట్టు పెట్టుకోనిస్తారా? ఇంట్లో దేవుడి పటం ఉంచుకోవచ్చా? ఆడవాళ్లు బురఖా వేసుకోవాలా? పిల్లల చేత ఖురాన్ చదివిస్తారా? అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆరా అంతా ఇక్కడే తీర్చుకుని, బేసిక్ జీతం ఎంతో చూడకుండానే ఒప్పందం మీద సంతకం పెట్టడం ప్రమాదం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ) చట్టాలను చూసినవారికి ఒక సంగతి తేలిగ్గానే తెలుస్తుంది. మతం వల్ల అక్కడి మన టీచరు కుటుంబానికి దినచర్యలో కొన్ని సర్దుబాట్లు తప్పవు. ఆ కుటుంబం నిలదొక్కుకోవడమా, తిరిగి రావడమా అన్నది మాత్రం వీసా, ఒప్పందం తేలుస్తాయి.

ముందు మతం సంగతే చూద్దాం. బర్‌దుబాయ్‌లో హిందూ ఆలయానికి 1958లోనే అనుమతి దొరికింది. జబల్ అలీలో 2022 అక్టోబరులో పెద్ద ఆలయం తెరిచారు. 2024 ఫిబ్రవరి 14న అబుదాబి రాతి మందిరాన్ని భారత ప్రధాని ప్రారంభించారు. భారతీయ బళ్లలో టీచర్లు చీరలోనో చుడీదార్‌లోనో పాఠం చెబుతారు. తల కప్పుకోవాల్సింది మసీదులోకి వెళ్లినప్పుడే. ఇస్లామిక్ విద్య ముస్లిం పిల్లలకే తప్పనిసరి. అరబ్బీ భాష మాత్రం అందరూ నేర్చుకోవాలి, అది వేరే విషయం. షరియా ప్రకారమే ఆస్తి పంచుతారనే భయమూ పాతబడింది. ముస్లిమేతరుల పెళ్లి, విడాకులు, వారసత్వాలకు 2023 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక సమాఖ్య చట్టం అమల్లో ఉంది. వీలునామా లేకపోతే ఆ చట్టం ప్రకారం ఆస్తిలో సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళ్తుంది. కావాలంటే స్వదేశపు చట్టాన్నే కోరుకోవచ్చు. రంజాన్ నెలలో ప్రైవేటు ఉద్యోగులందరికీ, ఏ మతంవారికైనా, రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది. వారాంతపు సెలవు కూడా 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం ఒంటిపూట పని. బళ్లూ అదే బాట పట్టాయి.

అలాగని అడ్డేమీ లేదనుకుంటే అదీ అపోహే. మతప్రచారం నేరం. మతాన్ని కించపరచడమూ నేరమే. 2020లో ముస్లింలను దూషిస్తూ సోషల్ మీడియాలో రాసిన భారతీయులు పలువురు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మనవాళ్లు సులువుగా చిక్కుకునే మరో చోటు చందాలు. వినాయక చవితికనో, ఆసుపత్రిలో ఉన్న తోటి తెలుగువాడికనో వాట్సాప్ గ్రూపులో డబ్బు పోగుచేయడం మనకు మంచి పని. అక్కడ అనుమతి లేని వ్యక్తి విరాళాలు సేకరించడాన్ని 2021 నాటి చట్టం నిషేధించింది. ఇక అమ్మ ఊరి నుంచి కట్టి ఇచ్చే మసాలా మూటలో గసగసాలు ఉంటే విమానాశ్రయంలోనే కష్టం. మాదకద్రవ్యాల చట్టం కింద అవి నిషిద్ధం. కోడీన్, ట్రమడాల్ వంటి మందులు తీసుకెళ్లాలన్నా ముందే అనుమతి కావాలి. వీటిలో గసగసాలకూ మందులకూ మతంతో సంబంధమే లేదు. మతం కోణంలోనే ప్రశ్నలు అడిగేవారికి ఇవి కంటికి ఆనకపోవడానికి కారణం అదే.

‘యూఏఈ సరే, అన్ని ముస్లిం దేశాలూ అలాగే ఉంటాయా?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన టీచర్లు ఏళ్లుగా వెళ్తున్న మాల్దీవుల్లో ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు చోటు లేదు, విగ్రహాలను దేశంలోకి తేకూడదు. సౌదీలో మహిళలకు కారు నడిపే హక్కు 2018 జూన్‌లోగానీ రాలేదు. ఒమన్‌లో మహిళలు కారు నడపడంపై నిషేధం లేదు, మస్కట్‌లో గుళ్లూ ఉన్నాయి. ఇంత తేడా ఉన్నప్పుడు ‘ముస్లిం దేశం’ అన్న ఒక్క మాట ఆధారంగా ధైర్యపడినా భయపడినా పొరపాటే. వెళ్లబోయే దేశం చట్టం ఏమంటోందో విడిగా చూసుకోవాల్సిందే.

ఇంకో అభ్యంతరానికి మరింత బరువుంది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవారి కన్నీళ్లు అబద్ధమా అంటారు. ముమ్మాటికీ కాదు. అయితే ఆ కష్టం అప్పులు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బులోంచి, యజమాని చేతిలో ఉండే వీసాలోంచి, ఇంటిపనివాళ్లను సాధారణ కార్మిక చట్టానికి బయట ఉంచడంలోంచి పుట్టింది. టీచరు స్థితి అంతకంటే మెరుగైనదే. కానీ చదువుకున్నవాళ్లకు ఏమీ కాదనే ధీమాకు ఆధారం లేదు. పదో తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరం లేదు కాబట్టి, వారి ఒప్పందాన్ని మన ప్రభుత్వం తరఫున పరిశీలించేవారు ఉండరు. ఆ పని తామే చేసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు, పాస్‌పోర్టు యజమాని అట్టిపెట్టుకోకూడదు, ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఈ మూడూ తెలిసినవారు ఏజెంటుతో మాట్లాడే తీరే వేరు.

పన్ను లేని జీతమంతా మిగులే అన్న నమ్మకం కూడా లెక్క చూడనంతసేపే నిలుస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, 5 శాతం వ్యాట్ ముందుగా తీసేయాలి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున, తర్వాత 30 రోజుల జీతం చొప్పున లెక్కకడతారు. అది బేసిక్ మీదే. ఇద్దరికి నెలకు 5,000 దిర్హమ్‌లే వస్తున్నా, బేసిక్ 3,500 ఉన్నవారికి ఐదేళ్లకు 12,250, బేసిక్ 2,000 ఉన్నవారికి 7,000 దిర్హమ్‌లు చేతికొస్తాయి. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి కనీసం 4,000, లేదా వసతితో పాటు 3,000 దిర్హమ్‌ల జీతం కావాలి. భార్య టీచరైతే భర్తకు ఆమే స్పాన్సర్ కావచ్చు. భర్తే స్పాన్సర్ కావాలన్నది పాత మాట. అయితే భర్త అక్కడ పనిచేయాలంటే విడిగా వర్క్ పర్మిట్ ఉండాలి.

అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది పిల్లల చదువు గురించి. తల్లి లేదా తండ్రి ఉద్యోగం పోతే, ఆ వీసా మీద ఆధారపడ్డ పిల్లల వీసాలూ రద్దవుతాయి. భారతీయ బళ్లలో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, పెద్ద వేసవి సెలవులు జులై, ఆగస్టుల్లో మధ్యలో వస్తాయి. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షకు తొమ్మిదిలోనే పేరు నమోదవుతుంది, ఆ తర్వాత బడి మారడం కష్టం. ఇంట్లో తొమ్మిదికి వచ్చిన బిడ్డ ఉంటే ఒప్పందం గడువు ఏ నెలలో ముగుస్తుందో, బడి మధ్యలో ఉద్యోగం నుంచి తొలగిస్తే ఎన్నాళ్ల నోటీసు ఇస్తుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.